ఆంధ్రరత్నము – అభినయ దర్పణము

1917వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము నుండి ఒక చిన్న గ్రంథము వెలువడినది. నందికేశ్వరుని అభినయ దర్పణమునకు అది ఆంగ్లానువాదము. ముఖపత్రముపై ఇద్దరి పేర్లు గలవు. మొదటి పేరు ఆనంద కుమారస్వామిది. సింహళమున పుట్టి, ఇంగ్లండులో పెరిగి, భారతీయ శిల్పమునకు ప్రపంచమున గౌరవము తెచ్చిన పండితుడాయన. రెండవ పేరు మనవానిది. పాశ్చాత్య మర్యాద ననుసరించి ఇంటిపేరు తుదకు జరిగినందున ఒక్క క్షణము ఆగి చూచినగాని ఆ వ్యక్తి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య యని తోచదు.

చీరాల-పేరాల వీరుడుగా ఆయనను ఎరుగని తెలుగువాడుండడు. మా కళాశాలలో ఏటేట విద్యార్థులను అడుగుచుందును. రామదండు పేరు చెప్పగలవారు ఏ యేడైనను కొందరు లేకపోరు. అభినయ దర్పణము సంగతి చెప్పగలవారు మాత్రము ఇంతవరకు కానరాలేదు. తప్పు వారిది కాదు. ఆయన చరిత్ర వ్రాసినవారిలో పెక్కుమంది ఆ గ్రంథమునకు ఒక్క వాక్యము కేటాయించి, వెంటనే మునిసిపాలిటీ పన్నుల కథలోనికి దిగిపోయిరి. చదువుకొను దినములలో చేసిన ఒక ముచ్చటగా దానిని త్రోసిపుచ్చిరి. నాకు తోచినంతవరకు ఆ పుస్తకమే ఆయన తరువాతి జీవితమునకు తాళపుచెవి. దానిని విడిచి చూచినచో చీరాల ఉద్యమము పన్నుల తగాదాగా మాత్రమే కనిపించును.

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించెను. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. పురిటిలోనే తల్లి గతించినది. మూడేండ్లు నిండు నప్పటికి తండ్రియు పోయెను. పినతండ్రియు నాయనమ్మయు పెంచిరి. కూచినపూడిలోను గుంటూరులోను చదువు సాగినది. చదువుకంటె పాట, వేషము, నాటకము ఆయనను ఎక్కువగా లాగినవి. గుంటూరులో విద్యార్థిగా నున్నప్పుడే జాతీయ నాట్యమండలి యను పేర ఒక సమాజమును నెలకొల్పెను. పరీక్షలలో మాత్రము దెబ్బతినెను. కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసెను. తల్లిదండ్రులు లేని, పరీక్ష తప్పిన, కచేరీలో కాగితములు నకలు వ్రాసుకొను కుర్రవాడు స్కాట్లండు దేశపు విశ్వవిద్యాలయమునకు పోవుట ఆ రోజులలో కలలోని మాట. మిత్రుడు నడింపల్లి నరసింహారావు తోడ్పాటుతో అది నిజమైనది. 1911లో ఇద్దరును కలిసి ప్రయాణమైరి. ఎడింబరోలో గోపాలకృష్ణయ్య ఎం.ఏ. పట్టము పొందెను.

ఆ దినములలో సీమకు పోయిన మనవారిలో హెచ్చుమంది బారిష్టర్లై గాని, కలెక్టరు పరీక్షకు కూర్చుండుటకు గాని పోయినవారే. తిరిగి వచ్చునప్పుడు వారు ఆంగ్లేయుల కంటితో స్వదేశమును చూచుట నేర్చుకొని వచ్చెడివారు. గోపాలకృష్ణయ్యకు అచ్చట కుమారస్వామి పరిచయము లభించినది. ఇది ఆయన అదృష్టమో, మన అదృష్టమో చెప్పజాలము. కుమారస్వామి అప్పటికే స్వదేశీ ఉద్యమమును ప్రేమించుచు, దానినే గట్టిగా విమర్శించుచుండెను. పరదేశపు సరకునకు నకలు మన యూళ్లలో తయారుచేసి, దానికి స్వదేశీ యని పేరు పెట్టినంత మాత్రాన దేశము బాగుపడదనియు, చేతిపనివాని అభిరుచి చచ్చిన తరువాత కర్మాగారము బ్రతికి ప్రయోజనము లేదనియు ఆయన వాదము. సాహిత్యమునకు, సంగీతమునకు, చిత్రకళకు ఆయన ఇదే కొలబద్ద వాడెను. చీరాల సాలెవారి నడుమకు పోవలసియున్న యువకునకు ఇంతకంటె తగిన గురువు దొరకుట కష్టము.

ఇక గ్రంథము మాట. అభినయ దర్పణము నాట్యశాస్త్రము వలె మహాసముద్రము కాదు. అసురుల నర్తకుని ఓడింపగోరి ఇంద్రుడు నందికేశ్వరుని ఆశ్రయించుననియు, భరతార్ణవము నాలుగువేల శ్లోకముల గ్రంథము గనుక దానిని సంగ్రహించి చెప్పుమని వేడుననియు ఆరంభమున కథ. ఆ సంగ్రహమే దర్పణము. తల తొమ్మిది విధములుగా, చూపు ఎనిమిది విధములుగా, మెడ నాలుగు విధములుగా ఎట్లు ఆడునో, ఒక్క చేతితోను రెండు చేతులతోను ఏయే ముద్రలు పట్టవలెనో, ఒక్కొక్క ముద్రకు ఎన్నెన్ని అర్థములు గలవో అందులో లెక్కగా చెప్పబడినది. నృత్యమునకు అది వ్యాకరణము వంటిది. వ్యాకరణమును అనువదించుట కావ్యమును అనువదించుటకంటె శ్రమ. పతాకహస్తము మేఘమునకు, అడవికి, నదికి, తలుపు తెరచుటకు కూడ వర్తించునన్నప్పుడు, ఆ చేతిని ఎన్నడును చూడని పాశ్చాత్యునకు కాగితముపై బోధించుట యెట్లు? చిన్ననాట వీథి భాగవతము చూచిన కన్ను ఉన్నవానికే ఆ పని సాధ్యము.

ఈ అనువాదమునకు ప్రేరణ కూడ తెలిసికొనదగినది. ఇంగ్లండున నాటకరంగమును సంస్కరింపబూనిన గోర్డన్ క్రేగ్ ప్రాచ్యదేశముల నాట్యశాస్త్ర గ్రంథములు కావలెనని కుమారస్వామిని కోరుచుండెను. పుస్తకపు పీఠికలో ఆ ప్రసక్తి కలదు. చూడుడు, ఐరోపాలోని ఒక నాటక ప్రయోక్త తన దేశపు రంగస్థలము సహజత్వమను పేర జీవము కోల్పోయినదని విసిగి, మన అభినయ శాస్త్రము కొరకు చేయి చాచుచున్నాడు. ఆ సమయముననే మన విద్యావంతులు ఆ అభినయమును చూచుటకు సిగ్గుపడుచుండిరి.

ఈ సిగ్గు ఎట్టిదో గోదావరీ తీరమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు, కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు భోగము మేళములకు వ్యతిరేకముగా ఉద్యమించిరి. వివాహములలో మేజువాణి పెట్టించుట పెద్దమనిషితనముగా చెల్లుచున్న కాలమది. ఒక కులమున పుట్టిన ఆడుబిడ్డలను ధనికుల విలాసమునకు అప్పగించు దురాచారమును వారు ఎదిరించిరి. వారు చేసినది ధర్మము. అందు సందేహము లేదు. కాని మురమండ, మండపేట, ముమ్మిడివరము, బల్లిపాడు వంటి యూళ్లలో ఆ స్త్రీల చేతివ్రేళ్లయందు నిలిచియున్న విద్య కూడ ఆ దురాచారముతో పాటు నిందపాలైనది. 1947లో మద్రాసు రాష్ట్రపు దేవదాసీ చట్టము వచ్చునప్పటికి గజ్జె కట్టుటయే నేరమన్న భావము ఊరూర వ్యాపించినది. తరువాత నటరాజ రామకృష్ణగారు ఆ వృద్ధ కళావతుల యిండ్లకు పోయి, బ్రతిమాలి, మిగిలిన దానిని ప్రోగుచేయవలసి వచ్చెను. బిడ్డను కడిగిన నీళ్లతోబాటు బిడ్డను కూడ పారబోసితిమా యని నేడు కొందరు అడుగుచున్నారు. నా మట్టుకు సంస్కర్తలను తప్పుపట్టను. దురాచారమునుండి విద్యను వేరుచేసి చూపగల విమర్శకులు ఆనాడు చాలినంతమంది లేకపోవుటయే లోపము. గోపాలకృష్ణయ్య 1917 నాటికే అట్టివాడు. శాస్త్రముగా నిలిపి చూపినచో అభినయము విలాసవస్తువు కాదు, విజ్ఞానము. ఈ మాట ఆయన ఉపన్యాసముగా చెప్పలేదు. ఒక్కొక్క ముద్రకు అర్థము వ్రాసి చూపెను.

స్వదేశమునకు వచ్చిన పిదప రాజమహేంద్రవరపు ట్రెయినింగు కళాశాలలో కొంతకాలము ఉపన్యాసకుడుగా నుండెను. ఆ కళాశాలకు ఒక చరిత్ర కలదు. 1907లో బిపినచంద్రపాలు గోదావరి యొడ్డున ఉపన్యసించిపోయిన తరువాత వందేమాతరము బిళ్లలు ధరించినందుకు విద్యార్థులపై దండన పడినది అచ్చటనే. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైనదియు అచ్చటనే. సర్కారు జీతము తినుచు అట్టి గోడల నడుమ చదువు చెప్పుట గోపాలకృష్ణయ్యకు ఎక్కువకాలము పొసగలేదు. పిదప బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరెను. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి నిలిపిన సంస్థ అది. సర్కారు చదువునకు బదులు స్వదేశపు చదువు కావలెనన్న ఆశయము గోపాలకృష్ణయ్యదే యనదగినది. అయినను అచ్చటను ఆయన నిలువలేదు. ఏ సంస్థలోనైనను ఇమిడిపోవు స్వభావము ఆయనకు లేదని ఒప్పుకొనవలెను. నియమావళి, హాజరుపట్టీ, పాలకవర్గము అనునవి ఆయనకు గిట్టనివి. ఇది గుణమా దోషమా యన్నచో, రెండును.

చీరాలకు వచ్చి స్థిరపడిన పిమ్మట ఆయనకు తగిన రంగస్థలము దొరకినది.

చీరాల, పేరాల నాడు గుంటూరు జిల్లాలోని జంట యూళ్లు. రెండిటి జనసంఖ్య సుమారు 15,000. వారిలో హెచ్చుమంది నేతపనివారు, బీదవారు. చీరాల తేలియా రుమాళ్లు ఒకనాడు సముద్రము దాటి అరబ్బు దేశములకు పోయినవి. మిల్లు బట్ట వచ్చిన తరువాత ఆ వైభవము తగ్గినది. ఇట్టి యూళ్లను కలిపి మద్రాసు ప్రభుత్వము మునిసిపాలిటీగా మార్చినది. యూనియనుగా నున్నప్పుడు ఏడాదికి నాలుగువేల రూపాయలకు మించని పన్ను ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగినది. కుళాయియు, దీపమును వచ్చునో రావో తెలియదు గాని పన్ను మాత్రము ముందుగనే వచ్చినది. ప్రజలు మహజర్లు పంపిరి. సర్కారు వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా లిచ్చిరి. పన్ను కట్టమని ప్రజలు మొండికెత్తగా పండ్రెండుగురు చెరసాలకు పోయిరి. వారిలో రావూరి అలమేలుమంగమ్మ యను వృద్ధురాలు ఒకతె. స్థానిక స్వపరిపాలనశాఖ మంత్రి పానుగంటి రామరాయనింగారు, అనగా పానగల్లు రాజా, స్వయముగా వచ్చి చెప్పినను ప్రయోజనము లేకపోయినది.

1921 మార్చి తుదిదినములలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. అక్కడి క్రమమును కాపాడినది గోపాలకృష్ణయ్య రామదండే. వేయిమంది వరకు సేవకులు. కాషాయ వస్త్రములు, మెడలో రుద్రాక్షలు, నోట రామనామము. దూరమునుండి చూచినవారికి భజన సమాజమో, భాగవతుల మేళమో యనిపించును. దగ్గరకు పోయిచూచినచో సైన్యపు క్రమశిక్షణ. ఇచ్చట నాకు అభినయ దర్పణము గుర్తునకు వచ్చును. అభినయము నాలుగు విధములని శాస్త్రము చెప్పుచున్నది: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. రామదండు నడకలో ఆంగికము, పాటలో వాచికము, కాషాయములో ఆహార్యము కలవు. భయము విడిచిన మనస్సు సాత్త్వికము. ఒక రాజకీయ సంఘమునకు ఆయన వేషము కట్టించెను. సీమ రాజకీయ సంఘముల తీర్మానపు భాష సాలెవానికి తెలియదు. రాముని దండు అన్నచో ఎవనికి చెప్పనక్కరలేదు.

ఆ బెజవాడ సమావేశము ముగిసిన వెంటనే ఏప్రిలు నెలలో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ఆయన రెండు త్రోవలు చూపెను. అహింసతో పన్నుల నిరాకరణము సాగించుట ఒకటి. ఊరు విడిచి మునిసిపాలిటీ హద్దు ఆవల నివసించుట రెండవది. కాంగ్రెసు నుండి సాయము ఆశింపరాదనియు, తమ బలముపైననే ఆధారపడవలెననియు స్పష్టముగా చెప్పెను. గోపాలకృష్ణయ్య రెండవ త్రోవను ఎన్నుకొనెను. జనము ఆయన వెంట నడిచినది.

మునిసిపాలిటీకి ప్రాణము ఏమి? ఇండ్లా, వీథులా, కచేరీయా? పన్ను కట్టు మనుష్యులు. ఆ మనుష్యులే లేచిపోయినచో మిగులునది పటము, చైర్మను, దఫ్తరము. నిండు వేసవిలో మగ్గములు, పిల్లలు, ముసలివారు, గొడ్లు గోదలతో 13,000 మందికి పైగా జనము తలుపులకు తాళములు వేసికొని బయలువెడలిరి. ఊరి వెలుపలి బయళ్లలో తాటాకు పందిళ్లు, గుడిసెలు లేచినవి. ఆ క్రొత్త ఊరికి రామనగరము అని పేరు. అక్కడ కచేరీ లేదు, పోలీసు లేదు, పన్ను లేదు. తగవులు తామే తీర్చుకొనిరి. కాపలా రామదండు కాచినది. ఒక సంవత్సరమునకు ఒక్క నెల తక్కువగా, పదునొకండు నెలలు, అట్లు జరిగినది. ఎండకు ఎండి, వానకు తడిసి, తుఫాను గాలికి కప్పులెగిరిపోవునట్టి సముద్రతీరపు ఊరని మరువరాదు. దుర్భర పాలనను ఎదిరింపలేనప్పుడు రైతులు, సాలెవారు ఊరు విడిచిపోవుట మన దేశమున క్రొత్త గాదు. కుంపిణీ కాలపు దస్తరములలో అది తరచు కనవచ్చును. ఆ ప్రాత అలవాటునకు ఆయన రాజకీయార్థము కల్పించెను. రష్యా, స్పెయిను దేశముల అరాజకవాదులు గ్రంథములలో చర్చించుచున్న సంగతిని చీరాల నేతపనివారు ఆ పేరు వినకుండగనే ఆచరించి చూపిరి. గోపాలకృష్ణయ్య తనను అరాజకవాది యనుకొనలేదు. రాముడు ఉన్నచోట రాజు లేడనుట కుదరదు గదా!

అయితే కథ సుఖాంతము కాదు. ఆస్తి గలవారికి రామనగరమున ఏడాది గడచును. ఏ పూట నేసిన బట్ట ఆ పూట అమ్ముకొని బ్రతుకువానికి గడచుట యెట్లు? డబ్బు కావలసి వచ్చినది. గోపాలకృష్ణయ్య 1921లోనే బరంపురమునకు పోగా, ఉపన్యసింపరాదని అధికారుల నిషేధాజ్ఞ అందినది. ఆయన దానిని ధిక్కరించెను. ఒక సంవత్సరము శిక్ష పడి తిరుచిరాపల్లి చెరసాలకు పంపబడెను. నాయకుడు లేని దండు క్రమముగా సడలినది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన జరిగి గాంధీగారు దేశమంతటను సత్యాగ్రహమును నిలిపివేసిరి. ఆ నెలలోనే పలనాటిలో పుల్లరి నెదిరించిన కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు నేలకొరిగెను. పెదనందిపాడు పన్నుల నిరాకరణము ఆగినది. రామనగరవాసులును తమ తాళములు తీసికొని పాత యిండ్లకు మరలిరి. మునిసిపాలిటీ నిలిచినది. ఈ వైఫల్యములో గోపాలకృష్ణయ్య పాలును కలదని చెప్పక తప్పదు. తాను లేనప్పుడు నడిపించు రెండవ వరుసను ఆయన సిద్ధపరచలేదు. మేళమంతయు ఒక్క నాయకపాత్రపై నిలిచినది.

ఇచ్చట కొంచెము దూరము పోయి ఒక సాటి చెప్పవలెనని యున్నది. ఆ కాలముననే కొరియా దేశమున షిన్ చేహో యను పండితుడు ఉండెను. 1880లో జన్మించి, పత్రికా రచయితయై, చరిత్రకారుడై, జపాను పాలనను సహింపక చైనాకు వలసపోయి, తుదకు అరాజకవాదియై, 1936లో జపానువారి చెరలో మరణించెను. ఆయన స్వాతంత్ర్యవీరుడే కాక నిశితమైన సాహిత్య విమర్శకుడు. 1925 ప్రాంతమున వెలువడిన క్రొత్త కవిత్వము, క్రొత్త కథ ప్రజల ఆకలిని మరచి ప్రణయ విలాసములలో మునిగినవని తీవ్రముగా ఆక్షేపించెను. సరిగా అదే సంవత్సరమున తెలుగున దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కృష్ణపక్షము వెలువడి యువకులను ఊగించుచుండెను. మన భావకవిత్వమును షిన్ చేహో చదివియున్నచో ఏమనెడివాడో ఊహింపవచ్చును. నాకు కృష్ణశాస్త్రిగారి కవిత ప్రాణము. అందుచేత ఆ తీర్పుతో నేను ఏకీభవింపను. కాని దేశము చెరసాలగా మారినప్పుడు కవి ఎవరి ప్రక్క నిలువవలెనన్న ప్రశ్న కొరియాలోను తెలుగునాటను ఒక్కటే.

గోపాలకృష్ణయ్య ఆ ప్రశ్నకు షిన్ చేహో వలె ఖండన వ్యాసముతో జవాబు చెప్పలేదు. ఆయన ధోరణి వేరు. సాధన యను పత్రికను నడపెను. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి యను పేర చీరాలలో ఒక సారస్వత సంస్థను నెలకొల్పెను. జానపద కళలను, తోలుబొమ్మలాటను, భాగవతమును ఆదరించెను. ఆశువుగా చాటువులు చెప్పెడివాడు. కొన్నిట చమత్కారము, కొన్నిట కొరడా. ఆ పద్యములు పుస్తకములలోకంటె జనుల నోళ్లలోనే ఎక్కువకాలము బ్రతికినవి. కవిత్వము అచ్చుకాగితముపై ఒంటరిగా చదువుకొనుటకు గాక, పదిమంది కూడినచోట చెప్పుటకు ఉన్నదని ఆయన నమ్మెనని ఆ చాటువులే సాక్ష్యము. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు మన చిత్రకళకు క్రొత్త చూపు వెదకి 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే కన్నుమూసెను. ఆ తరములో విదేశపు విద్య నేర్చియు స్వదేశపు కన్ను పోగొట్టుకొననివారు కొద్దిమందియే. వారిలో పలువురకు ఆయువు చాలలేదు.

ఆయన అభిరుచిలోని పరిమితియు చెప్పవలెను. పురాణమును, సంప్రదాయమును అంతగా ప్రేమించిన మనస్సునకు వాటిలోని అన్యాయములు స్ఫుటముగా కనిపింపవు. వీరేశలింగముగారికి కనిపించిన పుండు ఈయన దృష్టికి అంతగా ఆనలేదు. ఈయనకు కనిపించిన అందము వారి దృష్టికి ఆనలేదు. ఇద్దరి చూపును ఒక్కనిలో కూడియుండిన మనకు ఎంత బాగుండెడిదో! కాని చరిత్ర అట్లు వరములిచ్చునది కాదు.

చెరనుండి వచ్చిన తరువాత ఆయన ఎక్కువకాలము జీవింపలేదు. ఇల్లు గడచుటయే కష్టమైనది. క్షయ పట్టినది. ఎడింబరో ఎం.ఏ. పట్టము గలవాడు ఒక్క సర్కారు కొలువు చేపట్టినచో సుఖముగా గడుపవచ్చును. ఆ త్రోవ ఆయన త్రొక్కలేదు. 1928 జూన్ 10వ తేదీన గతించెను. ముప్పదితొమ్మిది నిండి ఎనిమిది దినములు. ప్రజలు ఇచ్చిన ఆంధ్రరత్న బిరుదము తప్ప ఆస్తి యేమియు మిగులలేదు. బెజవాడ కాంగ్రెసు భవనమునకు తరువాత ఆ బిరుదమే పేరైనది.

అభినయ దర్పణము మాత్రము తన దారిన తాను పోవుచుండెను. 1934లో కలకత్తాలో మనోమోహన ఘోషు దాని మూలమును పరిష్కరించి, వేరొక అనువాదముతో ప్రకటించెను. పాత యనువాదమున కొన్ని పాఠములు సరికావని తేలినవి. ఏ తొలి ప్రయత్నమునకైనను అది సహజము. 1936లో కుమారస్వామి, గోపాలకృష్ణయ్యల అనువాదము న్యూయార్కులో మరల అచ్చయినది. ముఖపత్రముపై ఇద్దరి పేర్లును అట్లే యున్నవి. అప్పటికి రెండవ పేరు గలవాడు పోయి ఎనిమిదేండ్లు.